నా మీద నేనే పెట్టించుకున్న కేసు

ఈ సంగతి రాసి పెట్టాలనుకోవడానికి మొదటి కారణం, దీని గురించి మా బాన్సువాడలో ఇప్పటికే రెండు కథలు తిరుగుతుండటం. బస్టాండు పక్క హోటల్లో చెప్పుకునే కథలో, లైబ్రరీలో చదివీ చదివీ మతి తప్పిన ఒక మోటార్ల మెకానిక్ తన మీద తానే పోలీసు కేసు పెట్టించుకున్నాడు. మా బావ వాళ్ళ ఊళ్ళో చెప్పుకునే కథలో, అదే మెకానిక్ జేబులోంచి పైసా తీయకుండా తప్పించుకోవడానికి ఒక కూలి మనిషిని కోర్టు మెట్లు ఎక్కించాడు. రెండు కథల్లోని మెకానిక్కూ నేనే. రెండూ పూర్తిగా అబద్ధాలు కాకపోవడం వల్ల కాదని చెప్పడం కష్టంగా ఉంది.

రెండో కారణం, ఆ రోజుల్లో నాకు కావలసిన పుస్తకం మా గ్రంథాలయంలో లేకపోవడం. బండి గుద్దితే దెబ్బ తగిలిన మనిషి ఏం చేయాలో చెప్పే పుస్తకం ఉంది. కేసు పెట్టు తల్లీ అని గుద్దినవాడే బతిమాలుతుంటే, దెబ్బ తగిలిన మనిషి ససేమిరా అంటే ఏం చేయాలో ఎందులోనూ లేదు. మళ్ళీ కోతలు వస్తాయి. మళ్ళీ రోడ్ల మీద వడ్లు పోస్తారు. అవే రోడ్ల మీద కార్లూ నడుస్తాయి. ఇంకొకరికి అవసరం పడితే వెతుక్కోవడానికి ఒక కాగితమైనా ఉండాలని రాస్తున్నాను. ఇందులో నాకు ఇప్పటికీ అర్థం కానివి చాలా ఉన్నాయి. అవి అర్థం కానట్టుగానే రాస్తాను.

నా బడి చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లకు పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం నా పని. సాయంత్రం దుకాణం మూశాక ఇంటికి పోయే దారిలో గ్రంథాలయం ఉంది. పెళ్ళి కాకముందు నుంచీ ఆ అలవాటు. ఖగోళం, ఆయుర్వేదం, రాజుల చరిత్రలు, కోళ్ళ పెంపకం, అన్నీ చదివాను. ఏ పుస్తకం ఏ అలమరలో ఉందో కొన్నిసార్లు గ్రంథపాలకుడే నన్ను అడుగుతాడు. ఇది చెప్పుకోవడం నాకు ఇష్టం కనుక చెప్పుకుంటున్నాను. చట్టాల అలమర ఒక్కటే ముట్టలేదు. నాకు ఎవరితోనూ గొడవ లేదు కదా, ఎందుకు అనుకున్నాను.

కారు మా బావది. అంటే మా అక్క భర్తది. బీర్కూర్ పోయే దారిలో వాళ్ళ ఊరు, తాతల నాటి నుంచీ వరి, చెరుకు పండించే ఇల్లు. ఆయన పెద్ద కారు కొనుక్కుని చిన్నది నాకు అమ్మాడు. ఆర్‌సీ నా పేరు మీదికి మారింది. ఇన్సూరెన్స్ మాత్రం బావ పేరు మీదే ఉండిపోయింది. గడువు ఇంకా ఉంది కదా, అయిపోయినప్పుడు మార్చుకుంటే సరిపోతుందని బావ అన్నాడు, నేనూ అనుకున్నాను. ఇన్సూరెన్స్ అంటే పోలీసులు ఆపినప్పుడు చూపించే కాగితం అని నా అవగాహన. అది లేకుండా రోడ్డెక్కితే జరిమానా వేస్తారని, జైలు కూడా పడవచ్చని తెలుసు. ఎందుకు వేస్తారు, ఆ కాగితం ఎవరి కోసం అన్న ప్రశ్న ఒక్కసారీ రాలేదు. అన్ని పుస్తకాలు చదివినవాడికి రాకపోవడం విచిత్రమే.

అది యాసంగి, అంటే ఎండాకాలపు వరి కోతల కాలం. మా దిక్కు ఆ రోజుల్లో రోడ్డు సగం బండ్లకు, సగం వడ్లకు. తేమ ఎక్కువ ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అంత వడ్లు ఎండబోయడానికి ఇంటి ముందు జాగా ఎక్కడిది? తారు రోడ్డు మీదైతే తొందరగా ఎండుతాయి. పోసిన వడ్ల అంచున బండరాళ్ళు వరుసగా పెడతారు, బండ్లు ఎక్కకుండా. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. పోసేవాళ్ళు ఈ రోజు వాళ్ళు, రేపు మనం.

బావ పొలంలో కాలిపోయిన మోటారు బాగు చేసి డిక్కీలో వేసుకుని బయలుదేరాను. ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఎదురుగా గడ్డి నింపుకున్న ట్రాక్టర్ వచ్చింది. గడ్డి రెండు పక్కలా పొంగి రోడ్డంతా ఆక్రమించింది. నేను ఎడమకు తిప్పాను. ముందు చక్రం రాళ్ళ వరుస దాటి వడ్ల మీదికి ఎక్కింది. వడ్ల మీద చక్రం పట్టు దొరకదు. బ్రేకు వేసినా కారు మెల్లగా, తనకు ఇష్టమైనట్టుగా జారుతూ పోయింది. అక్కడ ఒకామె నా వైపు వీపు పెట్టి, వడ్లలో కాళ్ళతో సాళ్ళు తీస్తూ తిప్పుతోంది. చక్రం ఆమె ఎడమ పాదం మీద ఎక్కి ఆగింది.

ఆమె అరవలేదు. వడ్ల మీద కూర్చుండిపోయి, "అన్నా, బండి ఎనుకకు తియ్యి, వడ్లు నలుగుతున్నయ్" అంది.

ఆ వడ్లు మా బావవి. ఆమె ఆ రోజు బావ దగ్గరికి కూలికి వచ్చిన మనిషి.

ఆమెది ఆ పక్కనే ఉన్న లంబాడీ తండా. నాట్ల కాలంలో ఒక ఆడవాళ్ళ గుంపుకు ఆమే పెద్ద. ఎవరి పొలంలో ఏ రోజు నాటాలో ఆమె చెబితే మిగతావాళ్ళు దిగుతారు. ఆమె నన్ను అన్నా అంటుంది, నేను ఆమెను అక్కా అంటాను. ఎవరు పెద్దో మా ఇద్దరికీ తెలియదు. అదే కారులో బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయాం, అక్కడి నుంచి నిజామాబాద్ పంపించారు. చీలమండ దగ్గర ఎముకలు విరిగాయి. సర్కారు కార్డు మీద ఆపరేషన్ అయ్యింది, లోపల ప్లేట్లు వేశారు. డిశ్చార్జి రోజు డాక్టరును ఆమె ఒకటే అడిగింది.

"నాట్లకు దిగుతనా సారూ?"

"నడుస్తవమ్మా. బురదల పొద్దుందాక వంగి నిలబడుడు మాత్రం నేను చెప్పలేను."

ఆమె భర్త వాళ్ళ భాషలో ఏదో అన్నాడు.  ఆమె బతుకు అంతా బురదలో నిలబడే ఆ పాదం మీదే ఉంది. ఆ పాదం పోతే ఆమె ఎట్లా బతకాలి అన్నది ఆ రోజు నుంచి నా ముందు కూర్చుంది.

మా దిక్కు ఇలాంటివి ఠాణాకు పోవు. పెద్దమనుషులు కూర్చుంటారు, గుద్దినవాడు ఇంత ఇస్తాడు, తగిలినవాళ్ళు కేసు పెట్టబోమని ఒక కాగితం మీద రాసిస్తారు, అందరూ చాయ్ తాగి లేస్తారు. దాన్ని రాజీ అంటారు. తప్పుగా ఎవరూ చూడరు, మంచితనంగానే చూస్తారు. బావ తన ఇంటి వరండాలో అలాగే కూర్చోబెట్టాడు. ఆమె కుర్చీలో కాలు చాపుకుని, భర్త పక్కన కింద.

"బామ్మర్దీ, నువ్వింత ఇయ్యి, నా కూలికి వచ్చిన మనిషి గాబట్టి నేనింత కలుపుత. కాయితం రాసుకుందాం. ఠాణా ముఖం ఎవలం చూడొద్దు" అన్నాడు బావ.

"మీరు ఎట్లంటే అట్ల పటేలా" అన్నాడు ఆమె భర్త.

"అన్న కావాలని గుద్దలే. నాకేం గొడవ లేదు" అంది ఆమె.

నేను ఆమెనే అడిగాను. "అక్కా, ఇది ఎన్నడిదాక సరిపోతది?"

ఆమె లెక్క వేసుకుంది. "ఈ వానాకాలం ఎల్లిపోతది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కాలు మంచిగైతది" అని బావ అందుకున్నాడు. "డాక్టర్లు గట్లనే భయపెడ్తరు."

అప్పటికి నేను ఒక దినపత్రికలో చదివింది తలలో తిరుగుతోంది. కారుకు తప్పనిసరిగా ఉండాల్సిన ఇన్సూరెన్స్ కారు కోసం కాదట, కారు నడిపేవాడి కోసం కూడా కాదట. ఆ కారు వల్ల రోడ్డు మీద దెబ్బ తగిలే మూడో మనిషి కోసమట. ఆ మనిషికి కంపెనీ ఇవ్వాలట. మరి కేసే లేకపోతే కంపెనీకి ఈ పాదం సంగతి ఎట్లా తెలుస్తుంది?

"కాయితం రాయొద్దు. కేసు పెట్టుండ్రి" అన్నాను.

"ఎవల మీద?" అన్నాడు బావ.

"నా మీద."

 బావ నవ్వాడు. "ఇగో, లైబ్రరీ మాట్లాడుతుంది. అందరు ఇనుండ్రి."

నవ్వు అయ్యాక నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఏందిది, పైసలు ఎగ్గొట్టే ఉపాయమా? పాలసీ నా పేరు మీదున్నది. కేసు అయితే నా మెడకు సుట్టుకుంటది. మీ అక్కను కూడ కోర్టుల నిలబెడ్తవా?"

నేను ఇస్తానన్నది ఇస్తాననీ, అది కాగితం కోసం కాదనీ చెప్పాను. ఇచ్చాను కూడా. కానీ ఆ రోజు రాజీ కాకుండా లేచిపోయాం కనుక అది ఎవరికీ గుర్తు లేదు.

మరునాటి నుంచి చట్టాల అలమర ముందు కూర్చున్నాను. మోటారు వాహనాల చట్టం మీద తెలుగు పుస్తకం ఒకటే ఉంది, అట్ట ఊడిపోయి. మూడో మనిషి అంటున్నారు సరే, రెండో మనిషి ఎవరు అన్నది మొదటి చిక్కు. దానికే ఒక సాయంత్రం పోయింది. మొదటివాడు పాలసీ తీసుకున్నవాడు, రెండోది కంపెనీ. అంటే గుద్దినవాడు, గుద్దించుకున్న మనిషి అనే లెక్క కాదు. నా లెక్కలో నేను ఇద్దరినే చూస్తుంటే, చట్టం ముగ్గురిని చూస్తోంది.

తర్వాత ఇంకో చిక్కు. బండి అమ్మిన పద్నాలుగు రోజుల్లో కొన్నవాడు కంపెనీకి తెలిపి ఇన్సూరెన్స్ తన పేరు మీదికి మార్చుకోవాలని ఉంది. నేను మార్చుకోలేదు. అయితే నా ఇన్సూరెన్స్ చచ్చిపోయినట్టేనా? తలుపు దగ్గర కూర్చుని చెమటలు తుడుచుకుంటూ కింది పేరా చదివితే, బండి చేతులు మారినప్పుడు మూడో మనిషికి సంబంధించిన రక్షణ బండితో పాటే కొత్తవాడికి వస్తుందని ఉంది. ఊపిరి వచ్చింది. పేజీ తిప్పితే ఊపిరి మళ్ళీ పోయింది. ఇన్సూరెన్స్ ఉన్న యజమాని దగ్గర పని చేస్తూ దెబ్బ తగిలిన పనివాళ్ళ సంగతి ఇందులోకి రాదట, దానికి వేరే దారి ఉందట.

ఇక్కడ నాకు తల తిరిగిన మాట నిజం. ఆమె ఆ రోజు బావ కూలి మనిషి. కారు బావది అనుకుంటే, బావ కారు బావ పనిమనిషిని గుద్దింది, ఆమె మూడో మనిషి కాదు. కారు నాది అనుకుంటే, నా కారు రోడ్డు మీద ఎవరో మనిషిని గుద్దింది, ఆమె మూడో మనిషే. ఆర్‌సీ చూస్తే నాది. పాలసీ చూస్తే బావది. పాదం ఒకటే, కారు ఒకటే, గుద్దింది ఒక్కసారే. ఆమె ఎవరు అన్నది మాత్రం ఏ కాగితం ముందు చూస్తామో దాన్ని బట్టి మారుతోంది. ఇది సరిపోనట్టు, సొంత కారులో సరుకు మోయకూడదని ఇంకోచోట చదివాను. డిక్కీలో బావ మోటారు ఉంది. అది సరుకా, సామానా? బాగు చేసిన మోటారు ఒకటి, ఇంకా కూలి తీసుకోలేదు. గ్రంథపాలకుణ్ణి అడిగితే, "మీకే తెల్వకుంటే నాకేం తెలుస్తది" అన్నాడు.

ఆయనే రెండు రోజులకు ఒక పాత పత్రిక కట్ట తెచ్చి నా ముందు వేశాడు. అందులో ఇంకో పిడుగు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారానికి దరఖాస్తు వేయాలని చట్టం మారిందట. అట్ట ఊడిన పుస్తకంలో ఆ మాటే లేదు. పుస్తకం చట్టం మారకముందుది. పుస్తకంలో ఉన్నది నిజం కాకుండా పోతుందని నాకు తెలియక కాదు, కోపర్నికస్ సంగతి చదివినవాణ్ణే. కానీ గ్రహాలకు గడువు తేదీలు ఉండవు.

తండాకు వెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చుని, కాలు దిండు మీద పెట్టుకుని, ఫోనులో ఎవరికో నాట్ల బేరం చెబుతోంది. భర్త బయట మేకలకు తుమ్మ కొమ్మలు నరుకుతున్నాడు. చెప్పాల్సింది అంతా చెప్పాను. మూడో మనిషి, ఆరు నెలలు, కంపెనీ. ఆమె ఓపికగా విన్నది.

"అంటే నువ్వు ఇయ్యవా?"

"నేను ఇచ్చేది ఇస్తనే ఉన్న అక్కా. నేను జీవితాంతం ఇయ్యగలనా? కంపెనీ ఇస్తది. అందుకే దానికి ఏటేటా కట్టుడు."

"మరి కంపెనీ మీద పెడ్త కేసు. నీ మీద ఎందుకు?"

"నా మీద పెడ్తెనే అది కంపెనీ దాక పోతది."

"ఇదేం లెక్క?"

"నాక్కూడ సరిగ్గ సమజ్ కాలే."

భర్త కొమ్మలు నరకడం ఆపి వచ్చాడు. "సారూ" అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ నన్ను సారు అనలేదు. "మిమ్మల్ని లోపలేస్తరా?"

"ఠాణాలనే బెయిల్ ఇస్తరట."

"అట అంటున్నరు."

"అట అనే అంటున్న. చదివిన, చూడలే."

ఆమె అడ్డంగా తల ఊపింది. "రేపు నీ దుకాణం ముంగట ఎట్ల నడువాలె నేను? మా తండల పంపుసెట్లన్ని నీకాడికే వస్తయ్. తెలిసిన మనిషి మీద కేసు పెట్టినమంటే మా గుంపును ఎవలు పిలుస్తరు నాట్లకు? కాలు పోతే పోయింది. మాట పోవద్దు."

అక్కడ నా దగ్గర ఉన్న చదువు అయిపోయింది. లేచి వస్తుంటే వెనక నుంచి ఇంకో మాట అంది. "మొగోళ్ళు మీరు ఏదో ఒకటంటరు. కేసు అయితే ఏడ్సేది ఇంట్ల ఆడామె. ఆమె వచ్చి చెప్పమను, చూస్త."

ఇది ఏ పుస్తకంలోనూ లేని షరతు. నా భార్యకు లైబ్రరీ అన్నా, కారు అన్నా పెద్ద ప్రేమ లేదు. కారు కొనేటప్పుడు ఆ డబ్బుతో వంటిల్లు వేయిద్దామంది. మరునాడు ఆదివారం తండాకు తీసుకుపోయాను. నా భార్య నేరుగా మంచం పక్కన కూర్చుని కట్టు విప్పించి కుట్లు చూసింది. నా వైపు చూడలేదు.

"పెట్టు అక్కా కేసు" అంది.

"మీ ఇంటాయన మీద చెల్లే."

"ఇంట్ల నేను రోజు పెడ్తనే ఉన్న. ఠాణాల ఒకటి పెడ్తే ఏమైతది? నువ్వు పెట్టకుంటే ఈయన ఇట్లనే పుస్తకాలు సదువుకుంట పిచ్చోడైతడు. నన్ను జూసి పెట్టు."

మంచం మీదున్న ఆమె మొదటిసారి నవ్వింది. 

ఠాణాకు ముగ్గురం ఒకే ఆటోలో పోయాం. ఆమె, ఆమె భర్త, నేను. ఆమెను దింపి, భుజం పట్టుకుని లోపలికి నడిపించుకు వెళ్ళింది నేనే. ఫిర్యాదులు రాసుకునే రైటరు కలం తీసి అడిగాడు.

"ఏమైందమ్మా?"

"కారు గుద్దింది సారూ."

"ఎవలు గుద్దిండ్రు?"

ఆమె నన్ను చూపించింది. ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "నువ్వు ఈమెకు ఏమైతవ్?"

"గుద్దినోన్ని."

"అది గాదు, చుట్టమా?"

"కాదు సార్. గుద్దినోన్నే."

"మరి రాజీ చేసుకోరాదు? ఇద్దరు మంచిగనే ఉన్నరు గదా."

రాజీ వద్దనుకున్న సంగతి, ఎందుకు వద్దనుకున్నామో చెప్పడానికి నేను చట్టం మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. "ఇన్ని రోజులు ఎందుకు ఆలస్యమైందో గది చెప్పు. రేపు కంపెనీ వకీలు మొదలు అదే అడుగుతడు." ఆలస్యానికి కారణం ఆమె వద్దనడం, నా భార్య ఒప్పించడం. అది విని ఆయన కాసేపు కలం చప్పరించాడు. చివరికి, దవాఖానలో ఉన్నందున, పెద్దల మాటల్లో ఉన్నందున అని రాసుకున్నాడు. అది కూడా నిజమే. బయటికి వచ్చేటప్పటికి నా పేరు ముందు నిందితుడు అన్న మాట చేరింది. ఇంటికి మళ్ళీ అదే ఆటోలో వచ్చాం. ఛార్జీ ఎవరివ్వాలన్న దగ్గర నేనూ ఆమె భర్తా కొంచెం గొడవ పడ్డాం. మా మధ్య జరిగిన గొడవ అదొక్కటే.

పరిహారం కేసుకు బాన్సువాడలో ఒక వకీలమ్మ దొరికింది. ఆమె మొదటి ప్రశ్నకే తడబడ్డాను.

"మీరు ఎవరి తరఫు?"

"ఈ అక్క తరఫు మేడమ్. కాని కేసు నా మీదనే."

"అట్లయితే మీరు నా ముందట ఎక్కువ మాట్లాడొద్దు" అని, నవ్వి, మాట్లాడించింది. "బండి జోరుగ నడిపిండ్రా?"

"లేదు, మెల్లగనే."

"మీ తప్పు లేదంటే ఈమెకు వచ్చేది తక్కువైతది. తప్పు ఎవరిదో అడగకుండ ఇచ్చే దారి ఒకటున్నది, అది చిన్నది. కాలు పోయిన మనిషికి అది సాలదు."

"మరి జోరుగ నడిపిన అని చెప్పాల్నా?"

"అబద్ధం చెప్పమంటలేను. జరిగిందే చెప్పుండ్రి. ట్రాక్టర్ వస్తుంటే మీరు ఆగి ఉండొచ్చు గదా? వడ్ల మీదికి ఎందుకు ఎక్కించిండ్రు?"

 మా రోడ్ల మీద ఎవరూ ఆగరు. వడ్ల అంచు తొక్కుకుంటూ పోతారు. బావ పోతాడు, బస్సు పోతుంది, నేను ఎప్పుడూ అలాగే పోయాను. అది అలవాటా, తప్పా? అలవాటు అంటే ఆమెకు నష్టం, తప్పు అంటే నాకు శిక్ష. నష్టం, లాభం పక్కన పెట్టి నిజం ఏమిటో చూద్దామని చాలా రోజులు ఆ చోటును కళ్ళ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆగి ఉండొచ్చు. ఆగితే ట్రాక్టర్ గడ్డి అద్దాలకు రాసుకుంటూ పోయేది, అంతే. ఆగి ఉండొచ్చు అన్నది తెలిసింది. దాన్ని నిర్లక్ష్యం అనొచ్చా అన్నది ఇప్పటికీ తెలియలేదు. నేను మాత్రం, ఆగి ఉండాల్సింది, ఆగలేదు అని చెప్పాను. పోలీసు కేసులో జరిమానా కట్టాను, అది అంతటితో ముగిసింది.

నోటీసు బావకు కూడా పోయింది. పాలసీ మీద పేరు ఆయనదే కనుక. బావ నాతో మాట్లాడటం మానేశాడు. అక్క ఫోను చేసి, "ఆయన కాగితం చూసి అన్నం తినలే" అంది. తర్వాత, "నువ్వు చేసింది మంచిదో చెడ్డదో నాకు తెల్వది గని, నాకు ముందుగాల చెప్పాల్సింది" అంది. 

వానాకాలం నాట్లు మొదలయ్యాయి. ఆమె దిగడానికి ప్రయత్నించిందని తర్వాత తెలిసింది. ఒక మడి సగం కూడా కాకముందే పాదం వాచి, మిగతావాళ్ళు గట్టు మీదికి మోసుకొచ్చారట. డాక్టరు చెప్పలేనన్నది బురద చెప్పేసింది. ఆ రోజు నుంచి ఆమె కూడా కేసు ఎంతవరకు వచ్చిందని వకీలమ్మకు తనే ఫోను చేయడం మొదలుపెట్టింది.

కంపెనీ వకీలు రాసిచ్చిన జవాబులో నేను భయపడినవన్నీ ఉన్నాయి. పాలసీ వేరే పేరు మీద ఉంది. ఆమె ఆ పేరుగల మనిషి దగ్గర కూలి. రోడ్డు మీద వడ్లు పోయడమే తప్పు. ఫిర్యాదు ఆలస్యం. డిక్కీలో మోటారు సంగతి మాత్రం వాళ్ళు రాయలేదు. అది వాళ్ళకు తెలియదా, లేక సామాను కిందే వస్తుందా అన్నది నేను ఎవరినీ అడగలేదు. చివరికి రెండు పక్షాలూ లోక్ అదాలత్‌లో కూర్చోవడానికి ఒప్పుకున్నాయి. అది కోర్టులోనే జరిగే రాజీ. అంటే, బావ వరండాలో నేను వద్దన్నదాన్నే మళ్ళీ కోర్టులో చేసుకోబోతున్నామా అని వకీలమ్మను అడిగాను. "అవును. కాని ఈసారి ఎదురుగ కూర్చునేది మీరు కాదు, కంపెనీ" అంది.

కామారెడ్డికి బస్సులో వెళ్ళాం. ఆమెకు కిటికీ పక్కన సీటు, నేను పక్కన, భర్త వెనక. చేతికర్ర చూసి కండక్టరు, "ఏమైంది అక్కా కాలుకు?" అని అడిగాడు. ఆమె, "ఈ అన్న గుద్దిండు, కోర్టుకు పోతున్నం" అంది. కండక్టరు టికెట్ చింపడం ఆపి మా ఇద్దరినీ చూశాడు. "కేసు ఎవలిది?" "నాదే, ఈయన మీద." "మరి పక్కపక్కన కూసున్నరు?" "వేరే సీట్లు ఖాళీ లెవ్వు గదా" అంది ఆమె.

కోర్టు హాల్లో బావ ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, ఎవరికీ చుట్టం కానట్టుగా. పాలసీ సంగతి వచ్చినప్పుడు కంపెనీ తరఫు మనిషి బావను అడిగాడు.  కారు ఇంకా తనదే అనో, ఏమీ తెలియదనో బావ ఒక్క మాట అంటే మళ్ళీ మొదటికి వస్తుంది. బావ నా వైపు చూడలేదు.

"కారు అమ్మిన సార్. గుద్దుడుకు ఎంతో ముందే. ఆర్‌సీ ఆయన పేరు మీదికి మారింది, చూడుండ్రి. ఇన్సూరెన్స్ మార్చుకోవాలని నాకు తెల్వదు. ఆయనకూ తెల్వదు. ఆయన అప్పటికి ఆ పుస్తకం చదవలే." హాల్లో కొందరు నవ్వారు. బావ నవ్వలేదు. "ఆమె నా కూలి మనిషే. కాని కారు నాది కాదు. నాది కానిదానికి ఆమెను నా మనిషి అని ఎట్ల కడ్తరు?"

నేను అన్ని రోజులు అలమర ముందు కూర్చుని కట్టుకున్న చిక్కు అది. దానికి కోర్టు ఏమంటుందో మాత్రం నాకు తెలియకుండానే పోయింది. కంపెనీవాళ్ళు తమలో తాము మాట్లాడుకుని ఒక మొత్తం చెప్పారు, వకీలమ్మ రెండుసార్లు వద్దని తల ఊపింది, మూడోసారి ఆమెను అడిగింది, ఆమె తన భర్త వైపు చూసింది, భర్త ఆమెనే చూశాడు. సరే అంది. ఎక్కువ భాగం బ్యాంకులో ఆమె పేరు మీద వేసి, నెలనెలా వచ్చేటట్టు చేయాలని రాసుకున్నారు. అందరం సంతకాలు పెట్టాం. నేను ప్రతివాది అని ఉన్నచోట పెట్టాను.

బయట మెట్ల మీద ఆమె ఆగింది. "అన్నా, ఇగ గెల్చింది ఎవలు?"

"నువ్వే అనుకుంట."

"ఓడింది?"

కంపెనీ అందామంటే వాళ్ళు చేయాల్సింది చేశారు. నేను అందామంటే నాకు అట్లా అనిపించడం లేదు. బావ మా పక్క నుంచి మెట్లు దిగిపోతూ, "మీ ఇద్దరికీ చాయ్ చెప్పిన, రాండ్రి" అని మాత్రం అన్నాడు.

ఆమె ఇప్పుడు నాట్లకు దిగదు. గుంపు ఇంకా ఆమెదే. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, సాలు వంకర పోతే అక్కడి నుంచే కేకలు పెడుతుంది. నెలనెలా వచ్చేదానితో ఇల్లు నడుస్తోంది. అది చాలుతుందా అని అడిగితే, చాలుతుందనీ చాలదనీ చెప్పకుండా, బురదలో ఉన్నప్పుడు నడుం నొప్పి ఉండేది, కుర్చీలో అది కూడా పోలేదు అంటుంది. నేను ఇన్సూరెన్స్ నా పేరు మీదికి మార్చుకున్నాను. ఎదురుగా బండి వస్తే ఆగుతున్నాను. వెనక వచ్చేవాళ్ళు హారన్ కొట్టి తిడుతుంటారు. ఆగడం సరైనదా, వాళ్ళకు అడ్డంగా ఉండటమా అని అప్పుడప్పుడు ఇంకా అనుమానం వస్తుంది.

సహాయం చేసినవాళ్ళందరికీ పేరు పేరునా దండం పెట్టాలని ఉండింది. ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కరూ పేరు రాయనియ్యలేదు. అందుకని మనుషులను బట్టి చెబుతున్నాను. గడువు సంగతి పాత పత్రికల్లో వెతికి తెచ్చిన గ్రంథపాలకుడికి. ఆలస్యానికి కారణం సరిగ్గా రాసిన రైటరుకు. నా తరఫు కాకుండానే నా మాటలన్నీ విన్న వకీలమ్మకు. తనకు ముందుగా చెప్పనందుకు ఇంకా కోపంగా ఉన్న మా అక్కకు. మళ్ళీ మాట్లాడుతున్న బావకు. కంపెనీ కాగితాలన్నీ చూడకుండానే నన్ను నమ్మిన, దెబ్బ తగిలిన ఆమె భర్తకు. ఠాణాలో పెట్టిన ఒక కేసు తప్ప మిగతావన్నీ ఇంకా నడిపిస్తున్న నా భార్యకు.

తండా అక్కకు కూడా దండం పెట్టాను, నా మీద కేసు పెట్టినందుకు. గట్టు మీది కుర్చీలోంచి నన్ను చూసి, "పెట్టిన గదా. ఇగ మల్ల గిట్లాంటిది అడుగకు అన్నా" అంది.